కర్త లేని పాఠం

శోభారాణి మూడు రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయింది.

వాక్యం పెద్దదేమీ కాదు. ‘ఆ దేశానికి ఒక అధ్యక్షుడు ఉంటాడు.’ రాసి చదువుకుంటే, పక్కింటి మేడ మీద అద్దెకుంటున్న కుర్రాడి గురించి చెప్పినట్టుంది. ‘ఉంటాడు’ కొట్టేసి ‘ఉంటారు’ అని పెట్టింది. ఈసారి అధ్యక్షులవారు మెడలో దండతో వేదికెక్కి కూర్చున్నారు. ఇంగ్లీషులో రాసేవాళ్ళకు ఈ పీడ లేదు, రాజుకైనా దొంగకైనా ఒకటే క్రియ. తెలుగులో అలా కుదరదు. మనిషిని ఎంత ఎత్తున కూర్చోబెడుతున్నామో వాక్యం పూర్తయ్యేలోపు బయటపడిపోతుంది.

ఆ దేశం పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే అదంటే గిట్టనివాళ్ళు కొందరు, అదంటే పడిచచ్చేవాళ్ళు కొందరు కథ పక్కన పెట్టి వాదనకు దిగుతారు. సముద్రానికి అవతల ఉంది. అక్కడొక పార్టీ ఉంది. ఎన్నికలు తేదీ తప్పకుండా వస్తాయి, స్థానానికొక అభ్యర్థి నిలబడతారు, నిలబడ్డవాళ్ళందరూ గెలుస్తారు. మనకు ఇంతవరకు తెలిస్తే చాలు.

ఈ పాఠం ఆమె నెత్తికి రావడానికి కారణం ఒక ఎర్ర పెన్ను. హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురి కోసం రాజనీతి శాస్త్రం గైడు కొన్నది. పంపేముందు ఒకసారి తిరగేస్తే నలభై మూడు తప్పులు కనిపించాయి. అన్నీ దిద్ది, పుస్తకం సంచిలో వేసుకుని, హనుమకొండ చౌరస్తాలో మెట్లెక్కి, దాన్ని అచ్చువేసిన వీరభద్రం బల్ల మీద పెట్టింది. వీరభద్రం పేజీలు తిప్పుతున్నకొద్దీ ఆయన మొహం కూడా పేజీల్లాగే ఎర్రబడింది.

“మీరేం జేస్తరు మేడం?” అన్నాడు చివరికి.

“ఇంట్లనే ఉంట సార్. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ జేసిన, కాకతీయ యూనివర్సిటీల.”

“అయితే కూసోండ్రి. ఈ దేశం పాఠానికి ఇప్పటికి ఇద్దరు లెక్చరర్లు అయిపోయిండ్రు. ఒకాయన తిట్టుకుంట రాసిండు. ‘ఉక్కు పిడికిలి’ అట, ‘చీకటి రాజ్యం’ అట. కాలేజోళ్ళు గైడు వాపస్ జేసిండ్రు. ఇంకొకాయన పొగుడుకుంట రాసిండు. ఇంకో కాలేజోళ్ళు వాపస్ జేసిండ్రు. నాకు తిట్టెటోళ్ళు వద్దు, పొగిడెటోళ్ళు వద్దు. చెప్పెటోళ్ళు గావాలె. మన గైడు చదివితే పిల్లగాండ్లు పాసు గావాలె గని, పార్టీల చేరొద్దు. పది పేజీలు రాయుండ్రి. నిష్పక్షపాతంగ ఉండాలె. పాఠం కింద మీ పేరేస్త.”

ఆ ఆఖరి మాట దగ్గర శోభారాణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె రాయనిది లేదు. అత్తగారి పింఛను దరఖాస్తు ఆమే రాసింది. భర్త రాంప్రసాద్ విత్తనాల దుకాణం బోర్డు మీది మాటలు ఆమెవే. తామున్న కొత్తవాడలో వీధి వీధంతా నీళ్ళు రావడం లేదని కమిషనరుకు పంపిన అర్జీ, ఒకరి కూతురి పెళ్ళిలో చదివిన పద్యం, మరొకరు పదవీ విరమణ సభలో కళ్ళు తుడుచుకుంటూ ఇచ్చిన ఉపన్యాసం, అన్నీ ఆమె చేతిలోంచి పోయినవే. కింద సంతకాలు మాత్రం వేరేవాళ్ళవి. అందుకని ఈ పదిపేజీల కింద తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆమెకు ఎంత ఆశ పుట్టిందంటే, ఆ సంగతి భర్తకు కూడా చెప్పకుండా దాచుకుంది.

చింతపండులోంచి గింజలూ ఈనెలూ తీసినట్టు పాఠంలోంచి ఒక్కో మాట తీసింది. విశేషణాలు ముందే పోయాయి. తరువాత ‘ఒకే పార్టీ ఉంది’ అన్న వాక్యం కంట్లో నలుసులా పడింది. ‘ఒకే’ లోని ఆ ఏకారంలో ఒక నిట్టూర్పు వినబడుతోంది. ‘ఒక పార్టీ ఉంది’ అని మార్చింది. ‘అనగనగా’ ఒకటే తక్కువ. ‘పార్టీల సంఖ్య: ఒకటి’ అని రాసింది. ఇది రేషన్ కార్డులా ఉంది కానీ తప్పు పట్టడానికి లేదు. ‘పాలకులు’ అంటే తిట్టు, ‘నాయకులు’ అంటే దండ, ‘పెద్దలు’ అంటే చుట్టాలు. అధ్యక్షుడు మాత్రం ఉంటాడా ఉంటారా తేలక గుమ్మంలోనే నిలబడ్డాడు.

నాలుగో రోజు పొద్దున చిక్కుడుకాయలు తుంచుతుంటే దారి దొరికింది. టీవీలో ఎవరో నాయకుడు మైకుల ముందు మాట్లాడుతున్నాడు. “నిన్న సమావేశం కావడం జరిగింది. చర్చించడం జరిగింది. అందరి అభిప్రాయాలు తీసుకోవడం జరిగింది. తదనుగుణంగా నిర్ణయం తీసుకోవడం జరిగింది.”

శోభారాణి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ఎవరు సమావేశమయ్యారు? ఎవరు నిర్ణయించారు? ఆయన చెప్పలేదు, మైకులు పట్టుకున్నవాళ్ళు అడగలేదు. వాక్యంలో మనిషే లేడు, ఇక వాడికి గౌరవం ఎంత ఇవ్వాలన్న ప్రశ్న ఎక్కడిది! చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి పరిగెత్తింది. రెండు గంటల్లో పాఠం పూర్తయింది. అందులో మూడో పేజీ ఇలా తయారైంది:

‘అభ్యర్థి పేరు ముందుగానే ఖరారు కావడం జరుగుతుంది. పోటీ చేయదలచిన ఇతరులతో మాట్లాడటం జరుగుతుంది. వారు విరమించుకోవడం జరుగుతుంది. పిమ్మట ఎన్నిక జరుగుతుంది. ఫలితంపై వివాదం తలెత్తడం జరగదు.’

రాంప్రసాద్ అన్నం తింటూ చదివి, “చదువుతాంటే నిద్రొస్తాంది శోభా” అన్నాడు.

“అంటే మంచిగ కుదిరినట్టే” అంది.

మొదటి రెండు పేజీలు నమూనాగా వీరభద్రానికి పంపితే ఆయన వెంటనే ఫోను చేశాడు. “మేడం, కమాల్ జేసిండ్రు! ఎక్కడ పట్టుకుందామన్న చేతికి దొరుకుతలేదు, సబ్బు లెక్క జారుతాంది. గిట్లనే కానియ్యుండ్రి.” శోభారాణి ఆ రోజంతా పాడుకుంటూ గిన్నెలు సర్దింది.

మర్నాడు నర్సయ్య సంచెడు చిక్కుడుకాయలతో వచ్చాడు. రాంప్రసాద్‌కు సొంత అన్న. వర్ధన్నపేట దగ్గర ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చేస్తాడు. పంచాయతీ ఎన్నికలు ముంచుకొచ్చాక మనిషి ఇంట్లో నిలవడం లేదు. ఊరిని ఏకగ్రీవం చేసి, అంటే పోటీయే లేకుండా చేసి, తాను సర్పంచు కుర్చీలో కూర్చోవాలని ఆయన పట్టుదల.

“ఏం మరదలా, మంచిగున్నరా? తమ్ముడు దుకాణం పోయిండా?”

“పోయిండ్రు బావా. కూసోండి, చాయ్ పెడ్త. ఎలక్షన్ ఎంతదాక వచ్చింది?”

“అయిపోయినట్టే. నాతోని ఐదుగురు నామినేషన్ ఏసిండ్రు. ముగ్గురితోని మాట్లాడినం, వాపస్ తీసుకున్నరు. మొగిలమ్మ ఒక్కతే ఉన్నది. గదే, బస్టాండు కాడ హోటల్ నడుపుతది, మహిళా సంఘం లీడరు. ఎల్లుండి దాక టైమున్నది. మాట్లాడ్తాన్నం.”

శోభారాణి వంటింట్లోకి వెళ్ళింది. నర్సయ్య ఊరికే కూర్చునే మనిషి కాదు. బల్ల మీద కాగితం కనబడితే కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాసేపటికి లోపలికి గావుకేక వినబడింది.

“ఆరే! నీకెవలు జెప్పిండ్రు మరదలా?”

“ఏంది బావా?”

“మన ఊరి ముచ్చట! ‘మాట్లాడటం జరుగుతుంది. వారు విరమించుకోవడం జరుగుతుంది.’ అబ్బబ్బ, ఎంత సక్కగ రాసినవ్! లొల్లి లేదు, తిట్లు లేవు, మందు లేదు. ఏకగ్రీవం అంటే గిదే గదా!”

“అయ్యో బావా, అది మన ఊరు కాదు. వేరే దేశం.”

“ఏ దేశం? పేరేది? జూపెట్టు.”

మూడో పేజీలో దేశం పేరు లేదు. ఆ పేరు మొదటి పేజీలో ఉంది, మొదటి పేజీ వీరభద్రం దగ్గర ఉంది. చూపెడదామంటే పార్టీ పేరు లేదు, మనిషి పేరు లేదు, ఊరి పేరు లేదు. అన్నీ తనే ఏరి పారేసింది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె లోపలికి పోయి, పొయ్యి తుడిచి, చాయ్ పట్టుకుని వచ్చేసరికి నర్సయ్య ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

“ఫోటో తీసి ఊరి గ్రూపుల పెట్టిన” అన్నాడు తృప్తిగా. “‘ఏకగ్రీవం ఎంత మంచిదో మా మరదలు శోభారాణి, ఎం.ఏ., పుస్తకంల రాసింది. అందరు చదువుండ్రి’ అని మీద రాసిన.”

“బావా! తీసెయ్యుండ్రి. గది నేను మెచ్చుకున్నట్టు కాదు.”

“తీసుడు నాకు రాదు మరదలా. పెట్టుడే వచ్చు.”

ఆయన చాయ్ తాగి గ్లాసు పెట్టేలోపు ఆ ఫోటో కింద చప్పట్లు కొట్టే బొమ్మలు వరుస కట్టాయి.

ఆ సాయంత్రం రాంప్రసాద్ చెప్పులు విప్పుతూ, “అన్న నీ కాగితం గ్రూపుల పెట్టిండటగా?” అన్నాడు.

“పెట్టడం జరిగింది” అంది శోభారాణి, చపాతీ పిండిని అవసరమైనదానికంటే గట్టిగా పిసుకుతూ.

మర్నాడు పదిన్నరకు తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. ముదురాకుపచ్చ చీర, భుజాన సంచి, చేతిలో ఫోను. “నర్సయ్య మరదలు శోభారాణి నువ్వేనా?” అని అడిగింది.

“నేనే. మీరు?”

“మొగిలమ్మను. గదే, నువ్వు రాసినవ్ గదా, ‘ఇతరులు’ అని. గా ఇతరులను.”

శోభారాణి ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. మొగిలమ్మ కూర్చుని, ఫోనులో ఫోటోను రెండు వేళ్ళతో సాగదీసి, మాట మాటా కూడబలుక్కుంటూ చదివింది.

“ఖరారు కావడం జరుగుతుంది. మాట్లాడటం జరుగుతుంది. విరమించుకోవడం జరుగుతుంది. ఏంది చెల్లె, జరుగు, జరుగు, జరుగు అని మూడుసార్లు నన్నే జరుగుమన్నట్టున్నది? బస్సుల గిట్లనే అంటరు, ‘జర జరుగమ్మా’ అని. ఒకసారి జరిగితె ఇంకొకడొస్తడు. జరుగంగ జరుగంగ సీటంత వాళ్ళదైతది, మనం కమ్మీ పట్టుకోని నిలవడ్తం.”

శోభారాణికి నవ్వు ఆగలేదు. మొగిలమ్మ నవ్వలేదు కానీ ఆమె కళ్ళు నవ్వాయి.

“అక్కా, ఒట్టు, ఇది మీ ఊరి గురించి కాదు. వేరే దేశం గురించి. పిల్లల పాఠం. ఎవరి దిక్కూ ఉండకుంట రాయాలని గట్ల రాసిన.”

“సరే. గా దేశంల ఎవలు మాట్లాడ్తరు?”

“పార్టీ కమిటీ వాళ్ళు.”

“ఎవలితోని?”

“పోటీల నిలవడ్తమన్నోళ్ళతోని.”

“నీకు తెలుసా గది?”

“తెలుసు. పుస్తకాలల్ల ఉన్నది.”

“తెలిసి రాయలేదు?”

శోభారాణి చూపు బల్ల మీది పుస్తకాల మీదికి పోయింది. “పేరు పెడితే ఒక దిక్కు మాట్లాడినట్టయితది అక్కా” అంది మెల్లగా.

మొగిలమ్మ కుర్చీ కొంచెం ముందుకు లాక్కుంది. “చూడు చెల్లె. మొన్న నా కోడిపెట్ట పోయింది. మంచి పెట్ట. పట్టుకపోయినోడు ఎవడో నాకు తెలుసు. మా ఆయన వచ్చి పెట్ట ఏదని అడిగిండు. ‘పెట్ట పోవడం జరిగింది’ అని నేనంటే, నేను ఎవలి దిక్కున్నట్టు? నా దిక్కా, పెట్ట దిక్కా, పట్టుకపోయినోని దిక్కా?”

గోడవతల జంపఖానా నేసే మగ్గం ఆగకుండా టకటకలాడుతోంది. ఎం.ఏ.లో ఆమెకు మొదటి శ్రేణి వచ్చింది కానీ ఈ ప్రశ్న ఏ పేపరులోనూ రాలేదు.

“నన్ను తిట్టిండ్రని రాలే” అంది మొగిలమ్మ లేస్తూ. “నర్సయ్య మాట్లాడిండు. ఆయన ఎంబడి ఇంకిద్దరు వచ్చిండ్రు. నా హోటల్ల కూసోని, నా చాయ్ తాగి, నన్ను జరుగుమన్నరు. గట్ల రాస్తే రాయి, నాకేం పరేషాన్ లేదు. నిజమే గదా. రాయకపోతేనే నాకు పరేషాన్. పోయొస్త. నేనైతే జరుగ.”

“చాయ్ తాగి పోండి అక్కా.”

“ఎలక్షన్ల ఎవలింట్ల తాగిన ఆళ్ళ దిక్కంటరు. అయినాక తాగుత.”

మొగిలమ్మ అన్నట్టే జరగలేదు. గడువు దాటిపోయింది, నామినేషన్ అలాగే ఉండిపోయింది. పైగా హోటల్‌కు వచ్చినవాళ్ళందరికీ ఆ ఫోటో చదివి వినిపిస్తోందట. ఒక్కో వాక్యం తరువాత ఆగి, “ఎవలు?” అని అడుగుతోందట. చాయ్ తాగేవాళ్ళు నర్సయ్య పేరు చెప్పి నవ్వుతున్నారట. ఈ ‘అట’లన్నీ నర్సయ్యే స్వయంగా మోసుకొచ్చాడు. ఈసారి చిక్కుడుకాయలు తేలేదు, కుర్చీలో కూర్చోలేదు.

“కరాబైంది మరదలా! నీ కాగితం తోని ఏకగ్రీవం మొత్తం కరాబైంది!”

“మెచ్చుకున్నదని మీరే పెట్టిండ్రు గదా బావా.”

“అది తిట్టు అని మొగిలమ్మ జెప్పెదాక నాకేం తెలుసు? ఇప్పుడు ఊరంత నన్ను జూసి ‘జరుగుతాందా నర్సన్నా?’ అంటాన్రు. ఒక్క మాట జెప్పు. గది పొగుడుడా, తిట్టుడా?”

“రెండూ కాదు బావా.”

“రెండూ కానిది ఎందుకు రాసినవ్ మరి!” నర్సయ్య తమ్ముడి వైపు తిరిగాడు. “నువ్వు జెప్పురా. నీ పెండ్లాం నా దిక్కా, మొగిలమ్మ దిక్కా?”

రాంప్రసాద్ ముప్పై రకాల విత్తనాలను చూడగానే గుర్తుపట్టే మనిషి. ఈ విత్తనం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. “నేను దుకాణం దిక్కు పోతాన్న అన్నా, టైమైతాంది” అని చెప్పులు వేసుకున్నాడు. నర్సయ్య వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, “పుస్తకంల గిదే పేజీ, నీ పేరుతోని అచ్చయిందో, నేను మీ గడప తొక్క” అని చెప్పి మరీ వెళ్ళాడు.

శోభారాణి ఇంకా గుమ్మంలోనే ఉండగా వీరభద్రం ఫోను వచ్చింది. ఫోటో చేతులు మారి మారి ఆయన దాకా చేరింది.

“మేడం, మీ పాఠం ఎలక్షన్ల పాంప్లెట్ లెక్క తిరుగుతాంది. ఒక దిక్కోళ్ళు పొగిడిండ్రన్నరు, ఇంకో దిక్కోళ్ళు తిట్టిండ్రన్నరు. నాకు భయమైతాంది. గందుకని, మీ పాఠం వద్దనుకోవడం జరిగింది.”

“ఎవరనుకున్నరు సార్?”

“ఆ?”

“వద్దని ఎవరనుకున్నరు?”

“అంటే... ఆఫీసుల... ఏమంటరు... అనుకోవడం జరిగింది మేడం.”

ఆఫీసులో వీరభద్రం కాక ఉండేది టైపు చేసే కావ్య ఒక్కతే. కావ్య వద్దనుకుని ఉండదు. శోభారాణి ఫోను పెట్టేసి, చాలాసేపు ఆ వాక్యాన్నే తలుచుకుంది. ఎంత మెత్తగా ఉంది! చురక లేదు, కోపం లేదు, విశేషణం లేదు. తన పది పేజీల కష్టం, కింద పడాల్సిన పేరు ఆ మెత్తని వాక్యంలో ఎటో పోయాయి, పోగొట్టినవాడు మాత్రం అందులో లేడు. మొగిలమ్మ పెట్ట పోయినట్టే పోయాయి.

బల్ల దగ్గర కూర్చుని పాఠం మొదటినుంచి విప్పడం మొదలుపెట్టింది. ‘జరుగుతుంది’ ఉన్న ప్రతి చోటా ఆగి, మొగిలమ్మలాగా “ఎవలు?” అని అడిగింది. పుస్తకాల్లో జవాబు దొరికిన చోట రాసింది. ‘అభ్యర్థిని పార్టీ స్థానిక కమిటీ నిర్ణయిస్తుంది. పోటీ చేస్తామన్న ఇతరులతో కమిటీ సభ్యులు మాట్లాడతారు. వారు పోటీ మానుకుంటారు.’ ఎందుకు మానుకుంటారో పుస్తకాలు ఒక్కో విధంగా చెప్పాయి. ఎవరు ఏమన్నారో వాళ్ళ పేర్లతోనే రాసింది. ఏడో పేజీలో ‘మారుమూల పల్లెల్లో బడులు ఏర్పడటం జరిగింది’ అని ఉంది. అక్కడా “ఎవలు?” అని అడగక తప్పలేదు. ‘ఆ పార్టీ ప్రభుత్వమే పల్లె పల్లెలో బడి కట్టించింది’ అని రాసింది. పట్టుకుపోయినవాడి పేరు చెప్పేటప్పుడు, పెట్టినవాడి పేరు దాచడం న్యాయం కాదు కదా. ఇలా అందరూ ఒకరి వెంట ఒకరు వాక్యాల్లోకి తిరిగి వచ్చారు. అధ్యక్షుడు కూడా వచ్చాడు. పుస్తకంలోని మిగతా పాఠాల్లో అమెరికా అధ్యక్షుడికీ బ్రిటన్ రాజుకూ ఏ క్రియ వాడారో చూసి, ఇతనికీ అదే ఇచ్చింది. ముగ్గురికీ ఒకే ఎత్తు పీట.

మర్నాడు వీరభద్రం ఆమెను చూసి కుర్చీలోంచి సగం లేచాడు. “వద్దని చెప్పిన గదా మేడం.”

“చెప్పిండ్రా? నాకు చెప్పడం జరిగింది అనుకున్న.” ఆమె కాగితాలు బల్ల మీద పెట్టింది. “చదువుండ్రి సార్. దీంట్ల తిట్టున్నదా, పొగడ్త ఉన్నదా, ఎర్ర పెన్నుతోని గీత పెట్టుండ్రి.” పెన్ను కూడా పెట్టింది.

వీరభద్రం చదివాడు. మూడో పేజీ దగ్గర పెన్ను మూత తీశాడు. “గిది. ‘కమిటీ సభ్యులు మాట్లాడతారు.’ గిది విమర్శ అయితది.”

“ఏ మాట విమర్శ? కమిటీనా, సభ్యులా, మాట్లాడతారా?”

ఆయన ఒక్కో మాట మీదా పెన్ను పెట్టి చూశాడు. ఏ మాటా దొరకలేదు. “మొత్తం కలిపితే గట్ల అనిపిస్తాంది” అన్నాడు.

“మొత్తం కలిపింది నేను కాదు సార్, వాళ్ళు. నేను ఎవరేం చేసిండ్రో చెప్పిన. ఏడో పేజీ చూడుండ్రి, బడులు కట్టింది కూడ వాళ్ళే అని చెప్పిన. అది చూసి పొగిడిన్నంటారా?”

వీరభద్రం ఏడో పేజీ చూశాడు. మళ్ళీ మూడో పేజీ చూశాడు. పెన్ను మూత పెట్టాడు. పరీక్షలు నెల రోజుల్లోకి వచ్చాయి. గైడులో పాఠం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. మూడో లెక్చరర్‌ను వెతకడానికి ఆయనకు ఓపిక లేదు.

“సరే మేడం. వేస్త. గని ఒక మాట. మీ పేరు లేకుంట వేద్దాం. మీ బావగారు ఫోన్ జేసిండు. పేరు లేకుంటే ఆయనకు కోపం రాదు, మీ ఇంట్ల లొల్లి ఉండదు, నాకు లొల్లి ఉండదు. అందరికి మంచిది.”

శోభారాణి కాగితాలు ఒద్దికగా సర్దింది. అంచులు కలిసేలా బల్ల మీద రెండుసార్లు తట్టింది. సంచి తెరిచింది.

“ఏందది మేడం?”

“తీసుకపోతాన్న. పది పేజీలల్ల ఎవరేం చేసిండ్రో అడిగి అడిగి రాసిన సార్. రాసింది ఎవరో మాత్రం చెప్పకూడదంటే ఎట్ల? పాఠం కింద ఏమని వేస్తరు? ‘రాయడం జరిగింది’ అనా?”

కంప్యూటరు వెనక కావ్య కిసుక్కున నవ్వింది. వీరభద్రం అటు కోపంగా చూడబోయి, తనకూ నవ్వొచ్చి, దగ్గులోకి మార్చుకున్నాడు.

“మీ బావగారు మరి?”

“మా బావ ఆ పేజీ అచ్చయితే గడప తొక్కనన్నడు. ఆ పేజీ ఇప్పుడు లేదు. ఇది వేరే పేజీ. దీంట్ల దేశమేదో, మాట్లాడిందెవరో సాఫుగ ఉన్నది. ఇది చదివి మా ఊరే అని ఎవరన్న అనుకుంటే, అది వాళ్ళ గురించి వాళ్ళు చెప్పుకున్నట్టు. నేను చెప్పినట్టు కాదు.”

వీరభద్రం ఎర్ర పెన్ను ఆమె వైపు జరిపాడు. “సంచి మూయుండ్రి మేడం” అన్నాడు. “కావ్యా, పాఠం టైపు చెయ్యి. కింద మేడం పేరెయ్యి. వెయ్యమని నేనే చెప్తాన్న, మళ్ళ అడిగితే నా పేరే చెప్పు.”

శోభారాణి కావ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పిల్ల వేళ్ళు చకచకా పరిగెత్తాయి. మధ్యలో ఎక్కడ ఒత్తు తప్పినా శోభారాణి వేలు తెర మీదికి పోయింది. కావ్య మూడుసార్లు ఓర్చుకుని, నాలుగోసారి “మేడం, తెర మీద వేలి ముద్రలు పడ్తాన్నయ్” అంది. పదో పేజీ అయ్యేసరికి కింద వీధిలో బడులు వదిలిన గోల మొదలైంది.

“పేరు ముందట శ్రీమతి పెట్టాల్నా మేడం?”

“వద్దు.”

“డాక్టరా?”

“కాదు.”

“మరి వెనుక గారు?”

“అదీ వద్దు. అందరిని ఒక్క తీరుగ రాసి, నాకు నేనే దండ ఏసుకుంటనా? ఒట్టి పేరే పెట్టు.”

కావ్య ‘శోభారాణి’ అని కొట్టింది. శోభారాణి ముందుకు వంగి చూసుకుంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఏ పక్షమూ లేని పేరు. అయినా ఆమె లేవలేదు.

“ఇంకేమన్న దిద్దాల్నా మేడం?”

“అక్షరాలు...” అంది శోభారాణి, వీరభద్రానికి వినబడకుండా గొంతు తగ్గించి. “అక్షరాలు జర పెద్దగ పెట్టు.”